డబ్బులు దాటుతాయి.. మెసేజ్ దాటదు!

డిసెంబరు మొదటి వారం. సాయంత్రం ఏడు దాటింది. ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి, తుర్కయంజాల్ వైపు పోయే ఆటో కోసం చూస్తున్నా. ఫోన్ మోగింది. బెంగళూరు నుంచి మా బావ.

“ఎందాక వచ్చినవ్ రా?”

“ఇప్పుడే ఎల్బీ నగర్‌ల దిగిన బావా. ఏంది సంగతి?”

రెండు సెకన్లు అటు నుంచి మాట లేదు. “అదేందిరా.. చిన్న తాత పోయిండు గద. పొద్దుగాలే గ్రూప్‌ల పెట్టిండు మీ చిన్నాయన. నువ్వు ఊరికి పోయినవనుకున్న. మూడింటికే అయిపోయిందంట అంతా.”

చిన్న తాత అంటే మా తాతకు తమ్ముడు. మా తాతను నేను చూడలేదు. కాబట్టి నాకు తెలిసిన తాత ఈయనే. ఆయన చివరి చూపు నాకు దక్కలేదు. కారణం వింటే నవ్వుతారో, తిడతారో మీ ఇష్టం. నేను ఒక చాట్ యాప్ మీద అలిగి, దాన్ని నాలుగు వారాల కిందటే ఫోన్‌లోంచి తీసేశాను. వార్త అందులో వచ్చింది.

ఆటో మానేసి దేవరకొండ బస్సెక్కాను. అది సాగర్ రోడ్డు మీదుగా, తుర్కయంజాల్లో మేం అద్దెకుండే ఇంటి సందు ముందు నుంచే పోతుంది. రోజూ దిగే చోట దిగకుండా ముందుకు పోయాను. ఇబ్రహీంపట్నం, మాల్ దాటి ఊరు చేరేసరికి పదిన్నర. వాకిట్లో ఒక్క బల్బు వెలుగుతోంది. అమ్మ అరుగు మీదే కూర్చుంది.

“గ్రూప్‌ల పెట్టినం గద బిడ్డా! నీ పేరు గూడ ఉంది గద అండ్ల. సూసి బయల్దేరినవనుకున్న.”

అమ్మ చెప్పింది నిజమే. గ్రూప్‌లో నా పేరు ఉంది. ఇలాంటి యాప్‌ని ఫోన్‌లోంచి తీసేస్తే ఫోన్‌లోంచి మాత్రమే పోతుంది. అకౌంట్ డిలీట్ చేయనంత వరకు మన పేరు, మన ఫొటో గ్రూప్‌లో అలాగే ఉంటాయి. అరవై మంది ఉన్న గ్రూప్‌లో మెసేజ్ ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదని ఎవరు చూస్తారు? పెట్టామంటే చెప్పినట్టే. ఉన్నాడంటే చూసినట్టే.

ఇది నాకు తెలియని విషయం కాదు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మెసేజ్ ఒక చోట నుంచి ఇంకో చోటికి ఎలా చేరాలో చూడటమే నా ఉద్యోగం.

అలక ఎందుకంటే..

నేనుండేది తుర్కయంజాల్లో, ఆఫీస్ రాయదుర్గంలో. ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేట దాకా ఎర్ర లైను, అక్కడ మారి రాయదుర్గం దాకా నీలం లైను. పోనూ రానూ రోజుకు మూడు గంటలు. ఆ మూడు గంటలూ చేతిలో ఫోనే.

నా ఫోన్‌లో ఎన్ని గ్రూపులో ఒకసారి లెక్కపెట్టాను. ఇంటోళ్ల గ్రూప్, ఊరి దోస్తుల గ్రూప్, బీటెక్ బ్యాచ్ గ్రూప్, అదే బ్యాచ్‌లో అమ్మాయిలు లేని గ్రూప్, ఆఫీస్ టీమ్ గ్రూప్, మేనేజర్ లేని టీమ్ గ్రూప్, కాలనీ నీళ్ల ట్యాంకర్ గ్రూప్, పాల ప్యాకెట్ల గ్రూప్. వీటిలో సగం ఎప్పుడు చేరానో, ఎవరు చేర్చారో కూడా గుర్తులేదు. మీ ఫోన్ తీసి చూసుకోండి, నాకంటే తక్కువేం ఉండవు.

పొద్దున లేస్తే ఇరవై గులాబీ పూలు, పది మంది దేవుళ్లు, నాలుగు వాడిపోయిన సూక్తులు. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలుసుకోవాలంటే వాటన్నిటి కిందికీ తవ్వుకుంటూ పోవాలి. ఫోన్ నిండిపోయిందని వారానికోసారి హెచ్చరిక. ఒకసారి బాపు పొలం పాస్‌బుక్ ఫొటో పంపితే సర్వే నంబర్లో ఉన్నది మూడో ఎనిమిదో తెలియలేదు. “ఫొటో లెక్క గాదు బాపు, డాక్యుమెంట్ లెక్క పంపాలె” అని ఫోన్‌లో నేర్పించడానికి నలభై నిమిషాలు పట్టింది. అప్పుడు కూడా ఫొటోనే వచ్చింది.

అయినా అందరూ అందులోనే ఉంటారు. అందుకే నేను దానికి పెట్టుకున్న పేరు ‘అందరి యాప్’. పేరుతో పనిలేదు. ఇది ఏ కంపెనీ మీదా ఫిర్యాదు కాదు.

నా వృత్తి రోగం ఏంటంటే, ఏదైనా యాప్ చూస్తే దాని పక్కన ఇంకోటి పెట్టి పోల్చుతాను. టెలిగ్రామ్‌లో పంపిన మెసేజ్‌ని దిద్దుకునే వీలు 2016లోనే ఉంది. వాట్సాప్‌లో ఆ వీలు 2023 మేలో వచ్చింది. పెద్ద ఫైళ్లు పంపడం కూడా అంతే. వాట్సాప్‌లో 100 ఎంబీ దగ్గర ఉన్న హద్దు 2022లో 2 జీబీ అయ్యింది. టెలిగ్రామ్ అప్పటికే ఆ హద్దులో ఉంది.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. వాట్సాప్ 2016 ఏప్రిల్లోనే అందరి చాట్లకూ పూర్తి తాళం వేసింది. అంటే పంపినవాడు, అందుకున్నవాడు తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు, కంపెనీ కూడా. టెలిగ్రామ్‌లో మామూలు చాట్లకు ఇప్పటికీ అలాంటి తాళం ఉండదు, ‘సీక్రెట్ చాట్’ విడిగా తెరవాలి. కాబట్టి ఏది మంచిది, ఏది నాసిరకం అన్న వాదనకి ఒక్క జవాబు లేదు. నాకా విషయం తెలుసు. తెలిసినా రోజూ ఆఫీస్ క్యాంటీన్లో వాదిస్తూనే ఉండేవాణ్ణి.

దసరా ప్రయోగం

2025 సెప్టెంబర్ ఆఖర్లో నాకో అవకాశం దొరికింది. జోహో వాళ్ల ‘అరట్టై’ ఒక్కసారిగా వార్తల్లోకి వచ్చింది. చెన్నై కంపెనీ, తమిళంలో ఆ మాటకు అర్థం కబుర్లు. నిజానికి అది 2021 జనవరి నుంచీ ఉంది. నాలుగేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. కేంద్ర మంత్రులు స్వదేశీ యాప్ వాడమని చెప్పడంతో జనం ఎగబడ్డారు. రోజుకు 3 వేల మంది చేరే చోట మూడు రోజుల్లోనే రోజుకు 3 లక్షల 50 వేల మంది చేరే స్థాయికి వచ్చిందని జోహో వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు స్వయంగా ప్రకటించారు.

సరిగ్గా దసరాకి ఊరికి పోయాను. సద్దుల బతుకమ్మ నాడు ఇంటి నిండా జనం. నా చేతికి దొరికిన ఫోన్ దొరికినట్టు తీసుకుని అరట్టై వేసేశాను. అత్త ఫోన్, చిన్నమ్మ ఫోన్, తమ్ముళ్లవీ చెల్లెళ్లవీ.. మొత్తం పద్నాలుగు ఫోన్లు. కొత్త ఫ్యామిలీ గ్రూప్ కూడా పెట్టాను.

చిన్న తాత ఫోన్ కూడా అడిగాను. ఆయన ఇవ్వలేదు.

“ఇండ్ల ఉన్నోళ్లందరు అండ్ల ఉన్నరారా?”

“అందరు లేరు తాతా. వస్తరు.”

“వచ్చినంక జెప్పు. అప్పుడేద్దువు.”

మొదటి మూడు రోజులు కొత్త గ్రూప్ కళకళలాడింది. నాలుగో రోజు చిన్నమ్మ బతుకమ్మ ఫొటోలు పాత గ్రూప్‌లోనే పెట్టింది. “అండ్ల అయితే మా అక్క గూడ సూస్తది” అంది. దీపావళికల్లా కొత్త గ్రూప్‌లో మిగిలింది నేనొక్కణ్ణే. నేను పెట్టిన దీపం ఫొటో కింద ఒక్క లైక్ ఉంది. అది మా తమ్ముడిది. వాడు నా పక్కనే కూర్చున్నాడు.

ఆ యాప్ బాగోలేదని మావాళ్లు ఎవరూ అనలేదు. టెక్నికల్‌గా చూస్తే అప్పటికి అందులో కాల్స్‌కే పూర్తి తాళం ఉంది, రాతపూర్వక చాట్లకి లేదు. కానీ మా అత్త వెళ్లిపోయింది అందుకు కాదు కదా. ఆమెకు కావాల్సిన మనుషులు అక్కడ లేరు, అంతే.

అక్కడ నాకు అహం దెబ్బతింది. ‘మీరు రాకపోతే నేనే పోతా’ అని నవంబర్లో అందరి యాప్ తీసేశాను. కావాల్సినవాళ్లు ఫోన్ చేస్తారులే అనుకున్నాను. చెప్పొద్దూ, ఆ నాలుగు వారాలు హాయిగా గడిచాయి. మెట్రోలో రెండు పుస్తకాలు చదివాను.

చిన్న తాత చెప్పిన లెక్క

చిన్న తాత అడిగిన ప్రశ్న ఉంది చూశారా, ‘అందరూ ఉన్నారా’ అని. ఇంజినీరింగ్‌లో దానికి ఒక లెక్క ఉంది.

మా ఇంటి గ్రూప్‌లో 62 మంది. ఒకరితో ఒకరు మాట్లాడుకునే జతలు ఎన్ని? 62ని 61తో గుణించి సగం చేస్తే 1,891. ఇప్పుడు అందులోంచి 14 మందిని కొత్త యాప్‌కి తెచ్చాననుకోండి. మనుషుల్లో దాదాపు నాలుగో వంతు. గొప్పగానే ఉంది కదా? కానీ జతలు లెక్కేస్తే 91. అంటే 1,891లో నూటికి ఐదు కూడా కాదు. నాలుగో వంతు మందిని మోసుకొచ్చినా కబుర్లలో ఇరవయ్యో వంతు కూడా రాదు. మిగతా కబుర్లన్నీ పాత చోటే ఉంటాయి. మనిషి కూడా అక్కడికే పోతాడు.

దీన్నే నెట్‌వర్క్ ఎఫెక్ట్ అంటారు. ఊళ్లో సంత లాంటిదన్నమాట. సోమవారం సంతలో బురద ఉంటుంది, ఈగలు ఉంటాయి. పక్క ఊళ్లో సిమెంటు గచ్చు వేసి, షెడ్లు కట్టి కొత్త సంత పెట్టినా ఎవరూ పోరు. కొనేవాళ్లు అమ్మేవాళ్ల కోసం, అమ్మేవాళ్లు కొనేవాళ్ల కోసం బురదలోకే వస్తారు.

అందుకే కంపెనీలకి ఫీచర్లకంటే మీ కాంటాక్ట్ లిస్ట్ విలువైంది. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ని కొన్నప్పుడు అందులో పనిచేసేవాళ్లు 55 మంది. బేరం 19 బిలియన్ డాలర్లు. ఆ ధర 55 మంది రాసిన కోడ్‌కి మాత్రమే కాదు, అప్పటికి అందులో ఉన్న 45 కోట్ల మందికి.

పెద్ద పెద్దవాళ్లే పోయారు

‘అయితే అందరి యాప్ ఎప్పటికీ ఉంటుందా?’ అంటారేమో. ఉండదు. మా పెద్ద బావ కాలంలో దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లలో గంటకి ఇంత అని కట్టి, యాహూ మెసెంజర్ ముందు కూర్చునేవాళ్లట. కంప్యూటర్ కోర్సు కోసం ఊరి నుంచి వచ్చి, కోర్సు కంటే చాటింగే ఎక్కువ నేర్చుకున్నానని ఆయనే చెబుతాడు. ఆ యాహూ మెసెంజర్ 2018 జులై 17న మూతపడింది.

మా తరానికి హైక్. 2012 డిసెంబర్లో వచ్చింది, మన దేశపు యాప్. ఇంటర్లో ఉన్నప్పుడు దాని స్టిక్కర్ల కోసం కొట్టుకునేవాళ్లం. తెలుగు స్టిక్కర్ పెట్టామంటే ఆ రోజు హీరో మనమే. 2021 జనవరిలో అది కూడా మూసేశారు. అదే నెలలో అరట్టై మొదలైంది.

ఆ 2021 జనవరి ఇంకో రకంగా కూడా గుర్తుంటుంది. వాట్సాప్ కొత్త ప్రైవసీ పాలసీ ఒప్పుకోమని అందరికీ నోటీసు పెట్టింది. జనం సిగ్నల్ యాప్ మీద పడ్డారు. రద్దీకి సిగ్నల్‌లో ఓటీపీలు కూడా ఆలస్యమయ్యాయి. వాట్సాప్ గడువును ఫిబ్రవరి నుంచి మేకి జరిపింది. ఆ పాలసీ మీదే 2024 నవంబర్లో కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా మెటాకి రూ.213.14 కోట్ల జరిమానా వేసింది. కంపెనీ అప్పీల్‌కి వెళ్లింది.

తమాషా ఏంటంటే, వాట్సాప్‌ని స్థాపించిన ఇద్దరిలో ఒకరైన బ్రయాన్ ఆక్టన్ 2017లో కంపెనీ వదిలేసి, 2018లో సిగ్నల్ ఫౌండేషన్‌కి 5 కోట్ల డాలర్లు ఇచ్చారు. కట్టినాయనే బయటికొచ్చి వేరే చోట పునాది వేశాడు. అయినా జనం పాత ఇంట్లోనే ఉన్నారు. స్థాపకుడి వల్లే కాలేదు, తుర్కయంజాల్ కుర్రాడి వల్ల అవుతుందా?

ఇప్పుడు ప్రభుత్వాలు కూడా అక్కడికే వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో పెట్టింది. తెలంగాణలో మీసేవ కూడా అదే ఏడాది నవంబర్లో వాట్సాప్‌లోకి వచ్చింది. సర్టిఫికెట్ కోసం ఆఫీస్ చుట్టూ తిరిగే బాధ తప్పితే మంచిదే, కాదనను. కానీ జనం ఎక్కడుంటే కౌంటర్ అక్కడ పెడతారు, కౌంటర్ ఎక్కడుంటే జనం అక్కడే ఉండిపోతారు. బయటికొచ్చే తలుపు ఇంకాస్త బిగుసుకుంటుంది.

గోడలు వాటంతట అవి లేవలేదు

మీరు నమ్మరు గానీ, ఒకప్పుడు ఒక చాట్ యాప్ నుంచి ఇంకో చాట్ యాప్‌కి మెసేజ్ వెళ్లేది.

1999లో జాబర్ అనే ఓపెన్ పద్ధతి వచ్చింది. తర్వాత దానికి ఎక్స్ఎంపీపీ అని పేరు పెట్టారు. ఈమెయిల్ లాంటిదే. మీది జీమెయిల్ అయినా నాది యాహూ అయినా మెయిల్ చేరుతుంది కదా, అట్లా. 2005లో వచ్చిన గూగుల్ టాక్ ఈ పద్ధతి మీదే నడిచింది. వేరే సర్వర్లలో ఉన్నవాళ్లతో కూడా మాట్లాడుకోవడానికి 2006లో తలుపు తెరిచింది. ఫేస్‌బుక్ చాట్ కూడా 2010 నుంచి కొన్నేళ్లు ఈ పద్ధతికి దారి ఇచ్చింది. వాట్సాప్ సర్వర్ కూడా మొదట్లో ఈ పద్ధతి కోసం రాసిన ఈజాబర్‌డీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని తీసుకుని మార్చుకున్నదే.

తర్వాత ఏమైంది? 2013లో గూగుల్ హ్యాంగౌట్స్ తెచ్చి ఆ దారి వదిలేసింది. 2015లో ఫేస్‌బుక్ కూడా దారి మూసింది. మొదట వాడుకున్న రోడ్డు అందరిది, జనం లోపలికొచ్చాక గేటు మాత్రం ఎవరిది వాళ్లు పెట్టుకున్నారు.

అందుకే నా కోపం ఇప్పుడు ఫొటో మసక మీద లేదు, గులాబీ పూల మీద లేదు. ఈ గేట్ల మీద ఉంది. గేటు లేకపోతే మా అత్త తన యాప్‌లో తను ఉండేది, నేను నా యాప్‌లో నేను ఉండేవాణ్ణి. చిన్నాయన పెట్టిన నాలుగు మాటలు నా ఫోన్‌కి కూడా వచ్చేవి.

కిరాణా కొట్టులో జవాబు ఉంది

‘ఇవన్నీ చెప్పడానికి బాగుంటాయి, జరిగే పని కాదు’ అంటాడు మా టీమ్ లీడ్. ఆయన్ని ఒకరోజు తుర్కయంజాల్ తీసుకొచ్చి మా సందు చివర కిరాణా కొట్టు చూపించాలని ఉంది.

అక్కడ క్యూఆర్ కోడ్ అట్ట ఒక్కటే ఉంటుంది, అది ఫోన్‌పేది. నేను కొట్టేది గూగుల్ పే నుంచి. నా వెనక ఉన్నాయన పేటీఎం నుంచి కొడతాడు. ఆ వెనకున్న ఆమె భీమ్ నుంచి. కొట్టు ఆమె ఎవర్నీ ‘ఏ యాప్?’ అని అడగదు. “పడ్డయ్ బిడ్డా” అంటుంది, అంతే.

2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ యూపీఐ తెచ్చినప్పుడు నియమమే అట్లా పెట్టింది. ఏ యాప్ అయినా, ఏ బ్యాంక్ అయినా డబ్బు దాటాల్సిందే. అంతకుముందు వాలెట్ల కాలం గుర్తుందా? ఒక వాలెట్లో డబ్బులు వేస్తే ఆ వాలెట్ ఉన్న షాపులోనే ఖర్చు పెట్టాలి. ఇప్పుడు మన చాట్ యాప్‌లు ఇంకా ఆ వాలెట్ కాలంలోనే ఉన్నాయి.

ఫోన్ నంబర్ సంగతీ అంతే. సిమ్ కంపెనీ మారితే నంబర్ పోతుందని జనం ఇష్టం లేని నెట్‌వర్క్‌లోనే ఉండిపోయేవాళ్లు. 2011 జనవరి 20 నుంచి దేశమంతా నంబర్ పోర్టబిలిటీ వచ్చింది. ఆ తర్వాత జియోకి మారినా ఎయిర్‌టెల్‌కి మారినా మా అమ్మకి నా నంబర్ అదే. ఆమె కాల్ నాకు వస్తుంది.

చాటింగ్‌లో ఈ పని యూరప్ మొదలుపెట్టింది. అక్కడి డిజిటల్ మార్కెట్స్ చట్టం ప్రకారం వాట్సాప్, మెసెంజర్ లాంటి పెద్ద సర్వీసులు వేరే యాప్‌లు అడిగితే దారి ఇవ్వాలి, తాళం బలం తగ్గకుండా. 2025 నవంబర్లో అక్కడ బర్డీచాట్, హైకెట్ అనే రెండు చిన్న యాప్‌లతో వాట్సాప్‌ని కలిపే పని మొదలైంది. ఇష్టమున్నవాళ్లే ఆన్ చేసుకోవాలి. చిన్న అడుగే. కానీ గోడకి కిటికీ పెట్టొచ్చని తేలింది.

కష్టాలు లేవని అనను. రెండు యాప్‌ల మధ్య తాళం చెవులు ఎలా మార్చుకోవాలి, మోసగాళ్లు అటు నుంచి ఇటు దూకితే ఎవరు ఆపాలి.. ఇవన్నీ నిజమైన ఇబ్బందులు. అయితే డబ్బులంత సున్నితమైన వ్యవహారాన్ని ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి దాటించిన దేశం మనది. పది రూపాయల కొత్తిమీర డబ్బులు దాటుతున్నప్పుడు, తాత పోయాడన్న కబురు దాటకూడదా?

బస్సులో ఇంకోటి జరిగింది

ఆ రాత్రి సంగతి ఒకటి చెప్పకుండా దాచాను.

దేవరకొండ బస్సులో కూర్చున్నాక అందరి యాప్ మళ్లీ వేశాను. ఇబ్రహీంపట్నం దగ్గర ఓటీపీ వచ్చింది. పాత చాట్లేవీ రాలేదు. బ్యాకప్ పెట్టుకోనిది నేనే. కానీ ఈ నాలుగు వారాల్లో చేరకుండా ఆగిపోయిన మెసేజ్‌లు మాత్రం ఒకదాని వెంట ఒకటి దిగడం మొదలైంది. గులాబీలు, దేవుళ్లు, పెళ్లి కార్డులు, ఎవరిదో పిల్లాడి మొదటి అడుగు.

వాటి మధ్యలో చిన్న తాత వాయిస్ మెసేజ్‌లు.

ఆయనకు టైప్ చేయడం రాదు. రోజూ పొద్దున ఏదో ఒకటి మాట్లాడి పెట్టేవాడు. ‘ఇయ్యాల మబ్బు వట్టింది’, ‘బర్రె ఈనింది’, ‘పత్తికి రేటు లేదు’. ఆ గ్రూప్‌ని నేను మ్యూట్‌లో పెట్టి రెండేళ్లయింది. ఎప్పుడూ పూర్తిగా వినలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి విన్నాను. చివరి నుంచి మూడోది పద్నాలుగు సెకన్లు.

“ఏం రా, పట్నం పిలగాడు సప్పుడు జేస్తలేడు. ఏడవోయిండు? ఎవరన్న ఫోన్ జేసి అడుగుండ్రి, తింటుండో లేదో.”

దాని కింద ఎవరో నవ్వుతున్న బొమ్మ పెట్టారు. ఆ కింద గుడ్ మార్నింగ్‌లు. ఎవరూ ఫోన్ చేయలేదు. గ్రూప్‌లో అడిగారు కదా, నేను చూసుకుంటాననుకున్నారు. అందరికంటే కిందన, పొద్దున 6:10కి చిన్నాయన పెట్టిన నాలుగు మాటలు.

ఎవర్ని తప్పు పట్టాలి? కంపెనీనా? యాప్ తీసేయమని అది చెప్పలేదు. ఇంటోళ్లనా? వాళ్లకి తెలిసిన దారిలో అందరికీ కబురు పెట్టారు. తప్పు నాదే. అందరూ ఒకే గేటు లోపల ఉన్నప్పుడు ఒక్కడు బయటికొస్తే గేటుకి ఏమీ కాదు. ఆ ఒక్కడికే తెలియాల్సినవి తెలియవు. యాప్ మారాలంటే చట్టం మారాలి, లేదా అందరూ ఒకేసారి కదలాలి. నా ఒక్కడి అలక దానికి సరిపోదు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెబుతా, పనికొస్తే వాడుకోండి.

అందరి యాప్ నా ఫోన్‌లో ఉంది. గ్రూపులు మ్యూట్‌లోనే ఉన్నాయి. కానీ ఇంటి గ్రూప్‌ని రాత్రి పడుకునే ముందు ఒక్కసారి చూస్తాను. బ్యాకప్ ఆన్ చేశాను. ఆఫీస్‌లో ఇద్దరు దోస్తులతో సిగ్నల్‌లో మాట్లాడతాను. వాళ్లు నా లాంటి పిచ్చివాళ్లే.

దశదిన కర్మ నాడు ఇంట్లో అందరం కూర్చుని ఒక కాగితం రాశాం. ఒక్కొక్కరు ఎవరెవరికి ఫోన్ చేయాలో పేర్లు. మంచైనా చెడైనా గ్రూప్‌లో పెట్టడంతో సరిపెట్టకుండా ఒక్కో మనిషి ఐదుగురికి ఫోన్ చేయాలి. ఆ కాగితం ఫొటో తీసి గ్రూప్‌లోనే పెట్టాను, ఇంకెక్కడ పెడతాను?

మొన్న ఆదివారం అమ్మ ఫోన్ చేసింది.

“సంక్రాంతికి ఎప్పుడొస్తున్నవో చెప్పు. గ్రూప్‌ల గూడ అడిగిన. నువ్వు సూస్తవో సూడవో అని ఫోన్ గూడ జేస్తున్న.”

“చూసినమ్మా” అన్నాను. చూశాను కూడా.